దారి పక్క విస్తరి: విరుదునగర్, కోవిల్‌పట్టిల ఆరుబయలు భోజనం

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా తెలుగు నేలను ఉత్తరం నుంచి దక్షిణానికి దాటి, బెంగళూరు, సేలం, మదురైలను వెనక వదిలి, విరుదునగర్, సాత్తూర్, కోవిల్‌పట్టి అనే మూడు ఊళ్ల పక్కగా తిరునెల్వేలి వైపు దిగుతుంది. సెలవుల్లో రామేశ్వరం, కన్యాకుమారి యాత్రకు బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఈ చివరి భాగం, మదురై మీనాక్షి గుడికీ కన్యాకుమారి సముద్రానికీ మధ్య ఎలాగో గడిచిపోవలసిన దూరం మాత్రమే. ఊళ్లోకి పోకుండా బయటినుంచి తిప్పే బైపాస్ రోడ్డు మీద, ఏ రాష్ట్రంలోనైనా ఒకే రకంగా ఉండే పెద్ద హోటలులో, ఎక్కడైనా దొరికే భోజనం తిని వారు సాగిపోతారు. వారు దిగకుండా దాటిపోతున్న ఈ ఊళ్లలోనే, విహారయాత్రికులు దూరదేశాల దీవులకు విమానమెక్కి పోయి వెతుక్కునే భోగం, అంటే ఆకాశం కింద, బల్ల చెక్క మీద, ఎదురుగా పొయ్యి మండుతుండగా వేడివేడిగా తినే రాత్రి భోజనం, తరతరాలుగా రోజూ నడుస్తున్నది.

ఈ తిండిని అర్థం చేసుకోవాలంటే ముందు నేలను చూడాలి. తమిళంలో ‘కరిసల్’ అని పిలిచే నల్లరేగడి మన్ను ఇక్కడ కనుచూపు మేర పరచుకొని ఉంటుంది. పడమటి కనుమలు నైరుతి రుతుపవనపు మబ్బులను తమ అవతలి వైపే కురిపించుకోవడం వల్ల ఇది వర్షచ్ఛాయా ప్రాంతమైంది. అంటే కొండల చాటున పడి, వానలో తన వాటా పోగొట్టుకున్న నేల. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనానిదే. కావేరి డెల్టాలో వలె వరి ఇక్కడ రాజ్యమేలలేదు. పత్తి, సజ్జ, జొన్న, మిరప, ధనియాలు, నువ్వులు, వేరుశనగ, ‘కుదిరైవాలి’ అని పిలిచే ఊదలు, ఇవీ ఈ నేల పంటలు. ధాన్యం కొదువైన చోట నూనె, కారం పుష్కలంగా ఉన్నాయి కనుక ఇక్కడి వంట నూనెతోనూ కారంతోనూ తన గౌరవాన్ని నిలుపుకొన్నది. ‘ఇదయం’ నువ్వులనూనె వంటి పేరు పొందిన సరుకు పుట్టింది విరుదునగర్ వర్తక కుటుంబాల చేతుల్లోనే. పప్పులు, మిరపకాయలు, నూనెగింజల బేరంలో ఈ చిన్న ఊరి మార్కెట్టుకు తన పరిమాణాన్ని మించిన పలుకుబడి ఉన్నది.

ఊరి పాత పేరు విరుదుపట్టి; 1923లో అది విరుదునగర్ అయింది. 1985లో పాత రామనాథపురం జిల్లా నుంచి విడిపోయి ఏర్పడిన జిల్లాకు ఇదే కేంద్రం. 1903లో కామరాజ్ ఇక్కడే పుట్టారు. ఆయన చదివిన క్షత్రియ విద్యాశాల, ఇంటింటా వంటకు ముందు తీసి పెట్టిన పిడికెడు బియ్యంతో నడిచిన బడి. ముఖ్యమంత్రిగా ఆయన బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించడానికీ, ఆ పిడికెడు బియ్యానికీ ఉన్న చుట్టరికం చరిత్రకారులు చెప్పకపోయినా తెలుస్తూనే ఉంటుంది.

దారిన పోయేవారికి అన్నం పెట్టడం గురించి ఈ జిల్లా మీద రాసిన అతి గొప్ప వర్ణన తెలుగులో ఉన్నదన్న సంగతి మాత్రం తెలుగు యాత్రికుల్లో కొద్దిమందికే తెలుసు. విరుదునగర్ జిల్లాలోని శ్రీవిల్లిపుత్తూరే శ్రీకృష్ణదేవరాయల ‘ఆముక్తమాల్యద’లోని విల్లిపుత్తూరు, ఆండాళ్‌ను పెంచిన విష్ణుచిత్తుడి ఇల్లు ఆ కావ్యంలో ఒక నిత్యాన్నసత్రం. 1509 నుంచి 1529 దాకా పాలించిన రాయలు, ఆ ఇంట అతిథులకు ఏ కాలంలో ఏమి వడ్డించేవారో వేర్వేరు పద్యాల్లో చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లో ఇల్లాలి కంట పొగ పడకుండా కొబ్బరి చిప్పల మంట మీద వండించి, అన్నం, పప్పు, కూరలు, వరుగులు, వడియాలు పెడతాడు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, ఊరగాయ, నీరుమజ్జిగ ఇస్తాడు. చలికాలం వస్తే మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకు ఎక్కే ఆవపచ్చళ్లు, పాయసం, కాగిన నెయ్యి విస్తట్లోకి వస్తాయి. నడిరేయి వేళ ఆ ఇంటి ముంగిట చెవి పెట్టి వింటే, హరికథలతోను, దివ్యప్రబంధ పారాయణంతోను కలిసి, కూరలు ఎన్నో లేవు, వేడి తగ్గింది, దయచేసి భోంచేయండని అతిథులను బతిమాలే మాటలు వినబడతాయని కవి చెబుతాడు. రాజ్యమేలిన చక్రవర్తి, అతిథి ముందు గృహస్థు పడే మొహమాటాన్ని ఇంత దగ్గరగా గమనించడం తెలుగు సాహిత్యంలో అరుదైన విషయం. పైగా ఋతువును బట్టి, నేలను బట్టి విస్తరి మారాలన్న ఎరుక ఈనాటి ఆహార నిపుణులు కొత్తగా కనిపెట్టినట్టు చెప్పుకునేది.

కావ్యం నుంచి దారి మీదికి వస్తే, అక్కడా తెలుగు జాడలే. విజయనగరం తరఫున వచ్చి మదురైలో నిలిచిన నాయక రాజుల కాలంలో తెలుగు వారు ఈ నల్లరేగడి మీదికి వలస వచ్చి, అడవి కొట్టి, చెరువులు తవ్వి, ఊళ్లు కట్టుకున్నారు. కమ్మ, రెడ్డి కుటుంబాలు, రాజపాళయం రాజులు, ఎట్టయపురం, పాంచాలంకురిచ్చి పాళెగాళ్లయిన రాజకంబళ నాయకులు అలా స్థిరపడినవారే; కోవిల్‌పట్టి దాటగానే వచ్చే కయత్తారులో 1799లో ఉరికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన ఆ చివరి శాఖవాడే. మదురై నాయకుల వంశంలో మనుమడి తరఫున 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది తొలి ఏళ్లలో రాజ్యం నడిపిన రాణి మంగమ్మ బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టించింది. బాటసారికి ఉచితంగా బస, భోజనం ఇచ్చే ధర్మసంస్థనే ఆనాడు సత్రం అన్నారు. మదురై రైల్వేస్టేషనుకు ఎదురుగా ఆమె పేరిట సత్రం ఇప్పటికీ ఉన్నది, మదురై నుంచి దక్షిణానికి పోయే పాత బాటను జనం నేటికీ ఆమె పేరుతోనే తలుచుకుంటారు. సత్రాలు పోయిన చోట టీ దుకాణాలు వచ్చాయి, ఉచితం పోయి రొక్కం వచ్చింది. రాత్రివేళ ఆకలితో వచ్చినవాడిని ఖాళీగా పంపకూడదన్న పట్టింపు మాత్రం ఈ దారిని విడిచిపోలేదు.

వలస వచ్చిన ఆ తెలుగువారి కథను తమిళంలో నవలగా మలచినవాడు కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టిన ఆయన ‘గోపల్ల గ్రామం’ రాసి, దాని తరువాయి అయిన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. కరిసల్ నేల మాటలకు ప్రత్యేకంగా నిఘంటువు కూర్చిన ఈ రచయిత 2021 మే నెలలో కన్నుమూశారు. సజ్జ సంకటి, మజ్జిగ, ఎండుమిరపకాయ ఆయన రాతల్లో అలంకారాలు కావు, పాత్రలతో సమానంగా కథ నడిపే వస్తువులు.

ఇప్పుడు అసలు విస్తరి దగ్గరికి రావాలి. విరుదునగర్ పేరు వినగానే తమిళనాడు అంతటా నోట నీరూరించేది ‘ఎణ్ణెయ్ పరోటా’, అంటే నూనె పరోటా. దక్షిణాదిలో మిగిలిన చోట్ల పరోటాను పెనం మీద కాస్త నూనె వేసి కాలుస్తారు. ఇక్కడ మాత్రం అంచులెత్తిన వెడల్పాటి ఇనుప పెనంలో వేరుశనగ నూనె నిలువ ఉంచి, పరోటాలు అందులో సగం మునిగేలా వేయించి తీస్తారు. పని సాయంత్రానికి చాలా ముందే మొదలవుతుంది. మైదాలో ఉప్పు, నీళ్లు, కొద్దిగా నూనె పోసి, గోధుమలోని మాంసకృత్తులు నీటితో కలిసి సాగే జిగటగా మారేదాకా పిసుకుతారు. ఆ జిగటనే శాస్త్రజ్ఞులు గ్లూటెన్ అంటారు. తడిగుడ్డ కింద ఆ ముద్ద సేదతీరితేనే జిగట మెత్తబడి, విసిరినప్పుడు చిరగకుండా సాగుతుంది. ఉండను నూనె రాసిన రాతిబల్ల మీద అరచేత్తో చదునుచేసి, గాలిలో విసిరి విసిరి అవతలి మనిషి కనిపించేంత పలుచగా చాచి, చీర కుచ్చిళ్ల మాదిరిగా మడతలు పెట్టి, చుట్టగా చుట్టి మళ్లీ పక్కన పెడతారు. ప్రతి మడత మధ్యా నూనె పొర ఉండటం వల్ల అవి ఒకదానికొకటి అతుక్కోవు, వేడికి పిండిలోని తేమ ఆవిరై మడతలను విడదీస్తుంది. నూనెలో వేగడం వల్ల పై పొరలు తేమ కోల్పోయి కరకరలాడతాయి, లోపలివి మెత్తగానే ఉంటాయి. నూనె నుంచి తీసిన నాలుగైదింటిని దొంతరగా పేర్చి రెండు అరచేతులతో పక్కలనుంచి చరిచే చప్పుడు, ఆ వీధిలో దుకాణం తెరిచారనడానికి బోర్డు కంటె నమ్మకమైన గుర్తు.

విస్తట్లో పడిన పరోటాను ముక్కలుగా తుంచి, దాని మీద సాల్నా పోస్తారు. సాల్నా అంటే ఉల్లిపాయ, టమోటా, మిరప, ధనియాల పొడి, సోంపు, రాతిపువ్వులను నూరి కాచిన పలుచని పులుసు. కూరంత చిక్కగా ఉంటే పరోటా పైనే నిలిచిపోతుంది, చారంత పలుచగా ఉంటే అడుగుకు జారిపోతుంది, మడతల్లోకి ఇంకేందుకు సరిగ్గా ఈ రెండింటి నడుమ ఉండాలి. మాంసం ఉడికిన సాల్నా వేరు, ఏమీ లేని ‘ప్లెయిన్ సాల్నా’ వేరు. శాకాహారులైన యాత్రికులు ఆకు పరిచేటప్పుడే అడిగి తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే చాలా దుకాణాల్లో రెండింటికీ గరిటె ఒక్కటే. పొడిగా వేయించిన మాంసమైన ‘చుక్కా’, గుడ్డు, ఉల్లిపాయలతో పరోటాను పెనం మీద రెండు ఇనుప రేకులతో తాళం వేసినట్టు కొట్టి కలిపే ‘కొత్తు పరోటా’, చుట్ట చుట్టకుండా రుమాలులా మడిచి కాల్చే ‘వీచు పరోటా’ పక్కన వస్తాయి. ఏది తిన్నా ఈ ఊళ్లో ముందు తినవలసింది నూనె పరోటానే. కొత్తు పరోటా మదురైలోనూ దొరుకుతుంది.

ఇదంతా దాదాపుగా రాత్రి వ్యవహారమే. పగటి ఎండకు తలుపులు మూసుకున్న ఊరు పొద్దు వాలాక బయటికి వస్తుంది. దుకాణం లోపల చోటు ఉన్నా బల్లలు కాలిబాట మీదికే నడుస్తాయి, పెనం ఎప్పుడూ వీధి ముఖంగానే ఉంటుంది. శివకాశి బాణసంచా, అచ్చు పనులు, సాత్తూర్, కోవిల్‌పట్టిల అగ్గిపెట్టెలు, నూలు మిల్లులు, మార్కెట్టులో బస్తాలెత్తే హమాలీలు, రాత్రంతా లారీలు నడిపే డ్రైవర్లు, ఇంతమంది శ్రమజీవులకు తక్కువ ఖర్చుతో కడుపు నిలబెట్టే వంటకంగానే పరోటా ఇక్కడ పాతుకున్నదని చెప్పవచ్చు. సెలవు మీద వచ్చినవాడికి విందుగా కనిపించేది పక్క బల్ల మీదివాడికి పని ముగించుకున్న తరువాతి మామూలు భోజనం. పర్యాటకుల కోసమే అలంకరించిన రెస్టారెంటులో ఎంత డబ్బు పెట్టినా దొరకనిది ఈ కలగలుపే.

విరుదునగర్‌లో పేరుమోసిన పరోటా దుకాణాల్లో ఒకదాన్ని జనం ‘బర్మా కడై’ అంటారు. కడై అంటే అంగడి. ఆ పేరు ఈ మెట్ట ఊరిని సముద్రాల అవతలి చరిత్రతో కలుపుతుంది. బ్రిటిషు ఏలుబడిలో తమిళులు, తెలుగువారు లక్షల సంఖ్యలో రంగూనుకు పోయారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్లడం వల్ల తెలుగువారికి అక్కడ కోరంగీలన్న పేరే స్థిరపడింది. 1942లో జపాను దాడికి కాలినడకన కొందరు, 1962 సైనిక తిరుగుబాటు తరువాత వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు ఉన్నదంతా వదులుకొని మరికొందరు తిరిగివచ్చారు. మడతల రొట్టె కూడా ఇలాగే మనుషుల వెంట సముద్రాలు దాటింది. బర్మాలో పలాటా, పెనాంగ్ దీవిలో రోటీ చనాయ్, సింగపూరులో ప్రాటా, సిలోనులో కొత్తు రొట్టి, తెలుగువారు కూడా గణనీయంగా ఉన్న మారిషస్‌లో ఫరాటా, ట్రినిడాడ్‌లో చిరిగిన చొక్కా అనే అర్థం వచ్చే వేళాకోళపు పేరుతో పిలిచే మెత్తని పరాఠా, అన్నీ ఒక కుటుంబంలోవే. ఉష్ణమండలపు దీవుల్లో తాటాకు పందిళ్ల కింద విహారయాత్రికులు ఫోటోలు తీసుకుంటూ తినే ఆ రొట్టెలకు దగ్గరి బంధువు జాతీయ రహదారి 44 పక్కనే ఉండగా, దాని కోసం పాస్‌పోర్టు వెతకడం కొంత విడ్డూరమే.

దీవే కావాలనుకునేవారికి అదీ మరీ దూరం లేదు. విరుదునగర్ నుంచి తూర్పుగా రామనాథపురం మీదుగా పోయి, రైలు వంతెన పక్కనుంచి పాంబన్ దీవిలోకి అడుగుపెడితే, 1964 డిసెంబరు తుపానుకు కొట్టుకుపోయిన ధనుష్కోడి శిథిలాల దగ్గర తాటాకు గుడిసెల్లో, అప్పుడే పట్టిన చేపకు కారం పట్టించి వేయించి ఇచ్చే కుటుంబాలు ఉన్నాయి. చేప తాజాదనానికి తిరుగులేదు. వంట మాత్రం విరుదునగర్ పెనాలతో పోటీ పడేది కాదు.

దక్షిణానికి సాగితే సాత్తూర్‌లో కారపు సేవ్, బస్సు కిటికీల దగ్గరికి బుట్టల్లో వచ్చే లేత దోసకాయలు ఎదురవుతాయి. అక్కడినుంచి కోవిల్‌పట్టి దాకా తిండి కారం నుంచి తీపికి తిరుగుతుంది. తూత్తుకుడి జిల్లాలోని ఈ ఊరి ‘కడలై మిఠాయి’, అంటే వేరుశనగ పట్టీ, 2020 ఏప్రిల్‌లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఒక సరుకు గుణం అది పుట్టిన చోటు వల్లనే వచ్చిందని ఒప్పుకొని, ఆ పేరును ఇతరులు వాడుకోకుండా చట్టం ఇచ్చే రక్షణే ఈ గుర్తింపు. అంతకు ముందే, 2019లో, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకు కూడా అదే గుర్తింపు వచ్చింది. పట్టీ కోసం కరిసల్ నేలలో పండిన వేరుశనగ గింజలను దోరగా వేయించి, పొట్టు చెరిగి, బద్దలు చేసి, ముదురు బెల్లపు పాకంలో కలిపి, చెక్క మీద పరిచి, అప్పడాల కర్రతో సమం చేసి, వేడి ఆరకముందే ముక్కలు కోస్తారు. పైన గులాబి, ఆకుపచ్చ, పసుపు రంగులద్దిన కొబ్బరి తురుము చల్లడం కోవిల్‌పట్టి ముద్ర. పాకం ఒక్క క్షణం ముదిరినా పట్టీ పంటికి రాయవుతుంది, లేతబడితే చేతికి అంటుతుంది. తెలుగిళ్లలో పల్లీపట్టీ తెలియనివారు లేరు కనుక ఇది కొత్త రుచి కాదు. తెలిసిన రుచిని అంత నేర్పుగా చేయవచ్చునన్నదే ఇక్కడి విశేషం.

ఈ దారిలో కాఫీకి చక్కెర బదులు ‘కరుప్పట్టి’, అంటే తాటిబెల్లం వేసి ఇచ్చే కొట్లు వరుసగా ఉంటాయి. వేసవిలో చెట్ల నీడన తాటిముంజలు, పులియని తాటినీరా అమ్మకానికి వస్తాయి. మదురై వైపు సాయంకాలం తోపుడుబండ్ల మీద దొరికే పత్తిపాలు, నానబెట్టిన పత్తిగింజలను రుబ్బి తీసిన పాలలో బెల్లం, అల్లం వేసి కాచిన పానీయం, పత్తి పండే ఈ నేల తన పంటలో గింజను కూడా పారేయదనడానికి సాక్ష్యం.

మైదా, నూనె కలిసిన ఈ భోజనం మీద వైద్యులు చేసే హెచ్చరికలో నిజం లేకపోలేదు. మరగకాచిన నూనెను మళ్లీ మళ్లీ వాడితే అందులో హానికర పదార్థాలు పెరుగుతాయి. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని జాతీయ ఆహార భద్రత సంస్థ 2018 నుంచి నియమం పెట్టింది. పెనంలో నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కడుతున్నట్టు కనిపిస్తే ఆ దుకాణాన్ని దాటి పక్కదానికి పోవడమే తెలివి, ఆరుబయలు వంటకు ఉన్న మేలు కూడా అదే, పొయ్యి కళ్లెదుటే ఉంటుంది. రోజూ తినే తిండి కాదిది. సెలవులో ఒక రాత్రికి రెండు పరోటాలతో ఎవరికీ ముప్పు రాదు.

కన్యాకుమారి యాత్రకు బయలుదేరే తెలుగువారు మదురైలో మధ్యాహ్నం ఆగకుండా, రాత్రి ఏడు, ఎనిమిది గంటల వేళకు విరుదునగర్ చేరేలా ప్రయాణం కూర్చుకోవాలి. బైపాస్ మీదినుంచి కారు ఊళ్లోకి మళ్లించి, జనం ఎక్కువగా ఉన్న పెనం దగ్గరే ఆగి, వేయించిన వెంటనే వడ్డించమని అడగాలి. మర్నాడు పొద్దున కోవిల్‌పట్టిలో పట్టీ కొనేటప్పుడు తెలుగులో పలకరించి చూడవచ్చు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతున్నారు.